కవి చెవిలోని కాలము

మా పల్లెటూరి బడిలో మాకు తెలుగు చెప్పిన మాస్టారికి పాడుట రాదు. ఆయన గొంతు ఎండుతాటాకును నేలమీద ఈడ్చినట్లుండెడిది. ఉదయమున ప్రార్థనాగీతము పాడు వేళ ఆయన పెదవులు మాత్రము కదలించి ఊరకుండెడివారని తోడి ఉపాధ్యాయులు పరిహాసమాడుచుండెడివారు. అట్టి మనిషి పద్యము చదువ మొదలిడిన తోడనే కుడిచేతి చూపుడువ్రేలు బల్లపై తనంత తాను కదలెడిది. లఘువునకు ఒక తట్టు, గురువునకు ఒక తట్టును, దాని వెనుక అంతే కాలము పట్టు ఒక ఖాళీయును. రాగము లేదు, శ్రుతి లేదు. అయినను తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న మొద్దబ్బాయిలకు సైతము తలలూగుచుండెడివి.

ఒకనాడాయన నల్లబల్లపై ఒక ఉత్పలమాల పాదమును, దాని క్రింద ఒక చంపకమాల పాదమును వ్రాసి, "వీటిలో ఏది పొడుగురా?" అని అడిగిరి. ఉత్పలమాలకు 20 అక్షరములు, చంపకమాలకు 21. ఇందులో ఆలోచింపవలసినదేమున్నదని మేమందరము చంపకమాలయే పొడుగని అరచితిమి. ఆయన నవ్వి, "అక్షరాలు కాదు, మాత్రలు లెక్కపెట్టండి" అనిరి. లెక్కించితిమి. ఉత్పలమాల పాదమున గురువులు 8, లఘువులు 12. వెరసి 28 మాత్రలు. చంపకమాల పాదమున గురువులు 7, లఘువులు 14. వెరసి మరల 28. యతిస్థానము ఒకదానికి పదవ అక్షరము, రెండవదానికి పదునొకండవ అక్షరము. కాని మాత్రలలో చూచినచో రెండింటను పండ్రెండు మాత్రలు గడచిన పిమ్మటనే ఆ స్థానము వచ్చుచున్నది. భ ర న భ భ ర వ అనియు, న జ భ జ జ జ ర అనియు వేర్వేరు మంత్రములవలె మేము వల్లించుచు వచ్చిన గణములను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, ఉత్పలమాలలోని మొట్టమొదటి గురువును రెండు లఘువులుగా విడగొట్టినచో చంపకమాల యగునన్న రహస్యము ఆనాడు తెలిసినది. ఒకతె మొదటి అడుగును నిలుకడగా వేసి నడక సాగించును. రెండవది అదే అడుగును రెండు చిన్న అడుగులుగా వేసి గునగున బయలుదేరును. ఆ మీద ఇరువురి నడకయు ఒక్కటియే, గమ్యము చేరుటకు పట్టు కాలమును ఒక్కటియే. శార్దూల మత్తేభముల జంటయు నిట్టిదే. 19 అక్షరముల శార్దూలమున తొలి గురువును విడగొట్టినచో 20 అక్షరముల మత్తేభము.

సంగీత సాహిత్యములను గూర్చి ఎవరు ప్రసంగించినను నాకు ఆ చూపుడువ్రేలే జ్ఞప్తికి వచ్చును. సభలలో ఈ విషయము వచ్చినప్పుడెల్ల సరస్వతీదేవిని స్మరించు ఒక శ్లోకమును చదివి, ఆ రెండును అక్కచెల్లెండ్రని చెప్పి, మాధుర్యమను మాటను పదిసార్లు వాడి, శాలువ కప్పించుకొని దిగిపోవుట మన ఆచారమైనది. మాధుర్యమును నేను కాదనను. కాని రచయితకు సంగీతమువలన కలిగిన లాభము తీపి యనుకొనుటలో ఒక పొరపాటు కలదని నా అభిప్రాయము. తీపికై వ్రాసిన వచనము రెండు పుటలకే వెగటుపుట్టించును. తీపికై కట్టిన పద్యము కచ్చేరిలో చప్పట్లు పుట్టించి, ఇంటికి వచ్చుసరికి మరపునకు వచ్చును. సంగీతము రచయితకు నేర్పినది కాలము. ఎచ్చట త్వరపడవలెనో, ఎచ్చట నిలువవలెనో, ఎంతసేపు ఏమియు చెప్పక ఊరకుండవలెనో, ఆ ఊరకుండుటను సైతము వినువాడు లెక్కించుకొనునట్లు ఎట్లు చేయవలెనో, అది సంగీతము నేర్పిన విద్య.

దీనికి తెలుగు యతియే మొదటి నిదర్శనము. సంస్కృతమున యతి యనగా విరామము. అచ్చట పదము ముగియవలెను, నాలుక ఆగవలెను. తెలుగు కవి ఆ విరామమును తీసికొనలేదు. ఆ స్థానమును మాత్రము తీసికొనెను. మన పద్యమున యతిస్థానమున పదము తెగనక్కరలేదు. పాదము మొదటి అక్షరముతో మైత్రి గల అక్షరమొకటి అచ్చట పడినచో చాలును, పదము దానిమీదుగా సాగిపోవచ్చును. ఇది తాళమునకు మిక్కిలి దగ్గరి పోకడ. గాయకుడు ఒక అచ్చును పట్టుకొని సాగదీయుచుండగా క్రింద తొడపై దెబ్బ పడును. పాట ఆగదు, చేయి పడును. ఎచ్చట ఉన్నామో చెవికి తెలియును, కాని నడకకు ఆటంకము లేదు. తాళమునకు చెప్పు దశప్రాణములలో కాలము మొదటిది కాగా, లయయు యతియు వానిలో చేరియుండుట యాదృచ్ఛికము కాదు. కృతులు రచించిన వాగ్గేయకారులు సైతము పల్లవికిని అనుపల్లవికిని రెండవ అక్షరమున ప్రాస కలుపుట విడువలేదు. పద్యకవి చేతిలోని కొలబద్దయే వారి చేతిలోను ఉన్నది.

ఈ మాటకు మన దేశమున రాగిరేకులపై చెక్కిన సాక్ష్యము కలదు. తాళ్లపాక అన్నమాచార్యుడు తన పదునారవ యేట, అనగా 1424లో, సంకీర్తన రచన ఆరంభించి 1503లో పరమపదించు వరకు పాడెనని ఆ రేకులే చెప్పుచున్నవి. మొత్తము సంకీర్తనలు ముప్పదిరెండువేలని ప్రసిద్ధి. నేడు దొరకుచున్నవి పండ్రెండువేలకు పైబడియున్నవి. కుమారుడైన పెద తిరుమలాచార్యుడు చెక్కించిన ఆ రేకులు తిరుమల ఆలయములో సంకీర్తన భాండారమనబడు చిన్న అరలో శతాబ్దముల పాటు చీకటిలోనుండి, గడచిన శతాబ్దమున గాని మరల వెలుగు చూడలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగువారు వానిని చదివి, పరిష్కరించి, లోకమునకు అందించిరి.

రేకు నొకదానిని చూచినచో ప్రతి పాటకును మొదట రాగము పేరు కనబడును. శ్రీరాగమనియో, ముఖారి యనియో, ఆహిరి యనియో, సాళంగనాట యనియో ఉండును. అంతే. స్వరము లేదు, తాళము పేరు లేదు. అన్నమయ్య ఆ పాటను ఏ వరుసలో పాడెనో చెప్పగల గొంతుకలు ఎన్నడో అణగిపోయినవి. చెప్పిన రాగములలో సైతము కొన్ని పేర్లు మిగిలి రూపములు మారినవి, కొన్ని పేరునకు కూడ అరుదైపోయినవి. ఇక మిగిలినదేమి? మాటలు. ఆ మాటలలో ఏది మిగిలియున్నదని అడుగవలెను. మిగిలినది కాలము. హ్రస్వదీర్ఘములు మిగిలినవి, ప్రాస మిగిలినది, ప్రతి చరణమును నాలుగేసి మాత్రలకో అయిదేసి మాత్రలకో ఒక అడుగుగా విడదీయు పదముల కూర్పు మిగిలినది. తాళము చెప్పని పాటకు తాళమును కనుగొనదలచినవానికి ఆ నడక తప్ప వేరు ఆధారము లేదు. ఆ ఆధారమును ఐదువందల యేండ్ల చిలుము సైతము చెరపలేకపోయినది. రాగము గొంతుతో పోవును. లయ అక్షరములో దాగి నిలుచును.

ఆ పని రాళ్లపల్లివారికి దక్కుట తెలుగువారి అదృష్టము. అనంతపురము జిల్లాలోని రాళ్లపల్లిలో 1893లో జన్మించిన ఆయన మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దముల పాటు తెలుగు బోధించిరి. మైసూరులోనే బిడారం కృష్ణప్పగారి యొద్ద సంగీతము నేర్చిరి. వేమనను గూర్చి ఆయన వ్రాసిన ఉపన్యాసములు విమర్శవచనమునకు నేటికిని మేలుబంతులు. గాథాసప్తశతి ప్రాకృతమునుండి తెలుగునకు వచ్చిన తీరు చూచినచో ఆయన చెవి ఎంత సూక్ష్మమైనదో తెలియును. పిమ్మట తిరుపతికి వచ్చి సంకీర్తన సంపుటములను పరిష్కరించుటయే గాక, నూరింటికి మించిన సంకీర్తనలకు స్వరకల్పన చేసిరి. మద్రాసు సంగీత విద్వత్సభ 1974లో ఆయనకు సంగీతకళానిధి బిరుదమిచ్చి గౌరవించినది. అది సంగీత విద్వాంసులకిచ్చు బిరుదము. పుచ్చుకొన్నవారు జీవితమంతయు తెలుగు పంతులుగా గడపినవారు. ఈ రెండు పనులును ఆయనకు రెండుగా తోచియుండవని నా ఊహ. పాఠమును సరిచూచుటకు ఏ చెవి కావలెనో పాటకు వరుస కట్టుటకును అదియే కావలెను. ఒక చరణమున ఒక మాత్ర తక్కువైనచో, అది చెక్కినవాని పొరపాటో, చదివినవాని పొరపాటో, అచ్చట కవి ఉద్దేశపూర్వకముగా వదలిన దీర్ఘమో నిర్ణయించునది నిఘంటువు కాదు, లయజ్ఞానము.

అన్నమయ్య పాటనెట్లు కట్టవలెనో తెలుపు శాస్త్రమును సైతము సంస్కృతమున వ్రాసెననియు, దానిని మనుమడు చిన తిరుమలాచార్యుడు 'సంకీర్తన లక్షణము' పేర తెనిగించెననియు ఇచ్చట చెప్పవలెను. మూలము పోయినది, తెనుగు నిలిచినది. పాట వ్రాయుట చేతికి వచ్చినట్లు చేయు పని కాదని, దానికి పద్యమునకున్నంత వ్యాకరణమున్నదని ఆ ఇంటివారి నమ్మకము. ఆ ఇంటి స్త్రీ తాళ్లపాక తిమ్మక్క 'సుభద్రా కల్యాణము' వ్రాసినది. అన్నమయ్య చరిత్రను ఆ ఇంటివాడే యైన చిన్నన్న ద్విపదలో వ్రాసినాడు. ద్విపద మూడు ఇంద్రగణములును ఒక సూర్యగణమును గల చిన్న పాదము. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును అందులో నడపినది ఊరకే కాదు. పదిమంది గుమిగూడి వినుటకు అనువైన నడక అది.

అన్నమయ్య తరువాత క్షేత్రయ్య. ఆయన పదములను సాహిత్యమనవలెనా, సంగీతమనవలెనా, నాట్యమనవలెనా అని తగవులాడినవారున్నారు; నేనా తగవులోనికి పోను. పదునేడవ శతాబ్దివాడు, తంజావూరు విజయరాఘవ నాయకుని ఆస్థానమున ఆదరింపబడినవాడు, వేలకొలది పదములు చెప్పితినని తానే ఒక పదమున లెక్క చెప్పుకొన్నవాడు, మనకు మిగిలినవి నాలుగువందలకు లోపే. వానిని కాపాడినవారు పండితులు కారు, దేవదాసీలు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటివారు ఆ పదములను పాడు తీరు విన్నవారు, తెలుగు మాటకు అంత వ్యవధి ఇచ్చినవారు మరిలేరని చెప్పుకొందురు. నాకు ఆ పదములలో ఆశ్చర్యము కలిగించునది ఒక చిన్న ఆచారము: పెక్కు పదములను పల్లవితో గాక అనుపల్లవితో ఎత్తుకొందురు.

దీనివలన కథనమునకు కలుగు మేలెట్టిదో చూపుటకు ఒక పదమును ఉదాహరింపక, నా సొంతముగా రెండు వాక్యములు కల్పించెదను. పల్లవి యిది యనుకొందము: "ఇక మా వీధికి రావలదని వానితో చెప్పవే." అనుపల్లవి యిది: "రేయి రెండవ జాము దాక దానియింట దీపమారలేదు." వ్రాతలో వరుసగా చదివినచో మొదట కోపము, తరువాత కారణము. కారణము తెలిసిన పిమ్మట కథ ముగిసినది; వినువానికి పని లేదు. అనుపల్లవితో ఆరంభించినచో ఏమగును? ఎవరియింట? ఏ దీపము? చూచినదెవరు? అంతసేపు మేలుకొని యుండవలసిన అవసరము ఆమెకేమి? ఆ దీపమును గాయని మూడు నాలుగు ఆవృత్తముల పాటు వెలిగించియే ఉంచును. ఆ వెలుగు మనస్సులో నిండుగా పట్టిన పిమ్మట, పల్లవి వచ్చి పడును; అప్పుడా 'రావలదు' అను మాటలో రమ్మను కోరిక కూడ వినబడును. అవే రెండు వాక్యములు. మారినది వరుస, వ్యవధి. నేడు కథకులు మధ్యనుండి ఎత్తుకొని వెనుకకు పోవు పద్ధతిని కొత్తదిగా భావించుచుందురు. క్షేత్రయ్య పదములు పాడిన స్త్రీలకు అది నిత్యాభ్యాసము.

క్షేత్రయ్య పదములలో త్రిపుట తాళమున నున్నవి మెండు. త్రిపుటకు ఏడక్షరకాలములు: మూడు, రెండు, రెండు. ఏడే మిశ్రచాపునందు మూడు, నాలుగు. ఈ ఏడు మాత్రల కుంటి నడక తెలుగు చెవికి ఏనాటినుండియో ఇంపైనది. లక్షణగ్రంథములు రగడలకు జంతువుల నడకల పేర్లు పెట్టినవి: హయప్రచారము, తురగవల్గనము, ద్విరదగతి, హరిణగతి. వానిలో వృషభగతి యనునది మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి. ఎద్దు నడకను నిదానించి చూచినవారికి ఆ పేరు ఎంత సార్థకమో బోధపడును. ఒక అడుగు పొట్టిగాను, ఒక అడుగు పొడుగుగాను పడినట్లుండి, వెనుక బండి ఒరిగినట్లే ఒరిగి మరల నిలదొక్కుకొనును. ఏడింటిని సగము చేయుట సాధ్యము కాదు గనుక ఆ నడక ఎన్నడును నిలిచిపోదు. ముందునకు తూగుచునే యుండును.

1910లో గురజాడ అప్పారావు 'ముత్యాల సరములు' వ్రాసినప్పుడు పట్టినది ఈ మూడు నాలుగుల నడకనే. ఉదాహరణకు నేను, "ఏరు నిండెను, గట్టు తెగినది" అందుననుకొనుడు. 'ఏరు' మూడు మాత్రలు, 'నిండెను' నాలుగు. 'గట్టు' మూడు, 'తెగినది' నాలుగు. ఇందులో ఒక్క మాటయు గ్రంథమునుండి తెచ్చినది కాదు; వానకాలమున ఏ రైతైనను ఆడు మాట. మన వాడుకమాటలో మూడు మాత్రల పేరును, నాలుగు మాత్రల క్రియయు జంటగా వచ్చుట ఎంత సహజమో గమనింపుడు. విజయనగరము సంస్థానమున సంగీతసాహిత్యముల నడుమ మెలగిన ఆ మహానుభావుడు, వృత్తములను విడిచి వాడుకభాషలో వ్రాయదలచినప్పుడు ఆ భాషకు ఏ తాళము నప్పునో వెదకి పట్టుకొనెను. పాదమునకు పదునాలుగు మాత్రలు. నాలుగవ పాదమును కొంత కుదించుకొను వెసులుబాటు. ఛందోబంధమును తెంచినాడని ఆయనను కొందరు నిందించిరి, కొందరు పొగడిరి. ఇరువురును ఒక పొరపాటే చేసిరి. ఆయన ఒక కొలతను విడిచి, అంతకంటె పాత కొలతను చేతికి తీసికొనెను, అంతియే.

త్యాగరాజును గూర్చి వ్రాయ మొదలిడినచో ఈ వ్యాసమునకు అంతుండదు గనుక ఒక్క మాటతో విడిచెదను. తిరువయ్యారులో కూర్చుండి తెలుగున పాడిన ఆ మహనీయుని (1767–1847) కృతులలో సంగతులు అనునవి కలవు. ఒకే మాటల వరుసను నాలుగైదు మారులు, ప్రతి మారును స్వరములో కొంచెము కొంచెము పెంచుచు పాడుట. సంగతులలో కొన్ని ఆయనవి, కొన్ని శిష్యపరంపరలో చేరినవి. రచయిత ఒక వాక్యమును కొట్టివేసి, మరల వ్రాసి, మరల కొట్టివేసి, తుదకు ఒకదానిని మాత్రము ముద్రించి తక్కినవానిని దాచును. సంగతి పాడు గాయకుడు ఆ చిత్తుప్రతులన్నింటిని సభాముఖముననే వరుసగా చదివినట్లు వినిపించును, ప్రతి చిత్తుప్రతియు నిండుగానే యుండును. వచనకారునకు ఇంతకంటె ఈర్ష్య కలిగించునది లేదు.

అయితే సంగీతమువలన సాహిత్యమునకు హాని కలుగలేదా యన్నచో, కలిగినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల కాలము మొదలు తెలుగు రంగస్థలమున పద్యము రాజ్యమేలినది. చదువురాని రైతు సైతము రాయబారపు పద్యములను దుక్కి దున్నుచు పాడుకొన్నాడన్న కీర్తి ఆ నాటకములకున్నది. ఆ కీర్తిని నేను తలవంచి ఒప్పుకొందును. కాని హార్మోనియము పెద్దదైన కొలది పద్యము చిన్నదైనది. నేను చిన్నతనమున చూచిన ఒక నాటకమున శ్రీకృష్ణ పాత్రధారి పద్యము చివరి అక్షరమును పట్టుకొని రాగము తీయ నారంభించి, ఆ ఊరి జనము వన్సుమోరు కొట్టుచున్న కొలది దానిని పొడిగించి, మూడవమారు ముగించునప్పటికి దుర్యోధన పాత్రధారి సింహాసనము మీదనే కునికిపాట్లు పడుచుండెను. పద్యములో శ్రీకృష్ణుడు ఏమి చెప్పెనో మాలో ఎవ్వరికిని జ్ఞాపకము లేదు. అచ్చట రాగమున్నది, తీపి యున్నది, లేనిది కాలము. 28 మాత్రల పాదమును అరగంట చేసినవాడు కవి చేతిలోని గడియారమును లాగుకొన్నవాడే.

తెలుగు తెలియని గాయకులు కృతిలోని పదములను అడ్డముగా విరుచుట మరియొక బాధ. ఊపిరి తీసికొనవలసిన చోట గాక పదము నడుమ ఊపిరి తీసినచో, ముందు సగము ఒక అర్థమును, వెనుక సగము దానికి విరుద్ధార్థమును ఇచ్చిన సందర్భములు కచ్చేరులలో నేను పెక్కు విని, ప్రక్కనున్నవారి ముఖము చూచి తల వంచుకొంటిని. దీనికి ఎదురుగా ఘంటసాలను (1922–1974) చెప్పవలెను. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము' గ్రామఫోను రికార్డుగా వచ్చి ఇంటింట వినబడుటకు ఆ గొంతులోని గాంభీర్యము ఒక కారణము; కాని ముఖ్యకారణము, ఆయన పద్యమున ఒక్క పదమును విరువకపోవుట. రాగము తీయవలసినంతే తీసి, పదము అంచున నిలిచి, తరువాతి పదమునకు దారి ఇచ్చును. సమాసము ఎచ్చట విడివడునో తెలియని శ్రోతకు సైతము ఆ నిలుపుదలలే టీకా యైనవి.

ఇరువదవ శతాబ్దపు కవులలో కాలమును మిక్కిలి పదునుగా వాడినవాడు శ్రీశ్రీ. 'మహాప్రస్థానము' 1950లో పుస్తకముగా వచ్చినది. వృత్తములను వదలిన ఆ గ్రంథమును బిగ్గరగా చదువువాని కాలు తనంత తాను నేలను తట్టక మానదు. చిత్రమేమనగా, సరిగా ఆ 1950లోనే ఆయన 'ఆహుతి' అను డబ్బింగు చిత్రమునకు మాటలు పాటలు వ్రాసెను. హిందీ చిత్రమునకు తెలుగు తొడుగు తొడుగు పని అది. వరుస ముందే స్థిరపడినది. తెరమీది మనిషి పెదవులు ఎప్పుడు మూయునో ఎప్పుడు తెరచునో అదియు స్థిరపడినది. పెదవులు మూసిన క్షణమున పకారమో మకారమో పడవలెను, తెరచిన క్షణమున అచ్చు పలుకవలెను. ఇంత బిగువైన ఛందస్సును ఏ లక్షణకర్తయు ఊహింపలేదు. దానిని కూటివిద్యయని ఈసడించినవారున్నారు. నాకు మాత్రము అది యతిప్రాసలకు మనుమరాలివలె కనబడును.

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కథ వేరు. 'మల్లీశ్వరి' (1951) పాటలతోను, రేడియో లలితగీతములతోను ఆయన మాట తెలుగు గొంతులకెల్ల పాకినది. పిమ్మట గొంతు వ్యాధి వచ్చి ఆయన మాటయే పోయినది. చెప్పవలసినదానిని కాగితముపై వ్రాసి చూపుచు కడవరకు గడపిరి. ఆ మౌనములోనుండియు పాటలు వచ్చుచునే యుండెను, వరుసకు సరిపడునవే వచ్చుచుండెను. మా మాస్టారికి పాడుట రాకున్నను వ్రేలికి లెక్క తప్పనట్లే, పాటను కొలుచునది గొంతు కాదు, చెవి యని ఆయనను తలచినప్పుడెల్ల అనిపించును.

ఇంతవరకు పద్యమునకు, పాటకు చెప్పినది వచనమునకు వర్తించునా? వర్తించునని నా నమ్మకము, అయితే అచ్చట తాళము బయటికి వినబడరాదు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను 1934లో 29 దినములలో ఆశువుగా చెప్పుచుండగా తమ్ముడు వ్రాసెనందురు. నోటితో చెప్పిన గ్రంథమగుటవలననే కాబోలు, అందులో పుటపొడవున సాగు వాక్యము సైతము ఎచ్చటనో ఒకచోట ఊపిరి తీసికొనుటకు మెట్టు వదలియే యుండును. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలలో సంభాషణమే కథ. గోదావరి తీరపు ఇండ్లలో ఆడువారి మాట ఎచ్చట ఎత్తుకొని ఎచ్చట దించుకొనునో ఆ హెచ్చుతగ్గులు అక్షరములలోనే యుండుటచేత, మాటలాడినది ఎవరని ఆయన చెప్పకున్నను మనకు తెలియుచుండును. ఈ గుణమును వ్యాకరణము నేర్పలేదు.

నా వచనమునకు నేర్పినది ఒక ముద్రణాలయము. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏర్చి కూర్చు దినములలో, గాలీ ప్రూఫు సిద్ధమైన పిమ్మట ఒకరు వ్రాతప్రతిని బిగ్గరగా చదువుచుండగా రెండవవారు అచ్చుకాగితముపై సరిచూచుకొనెడివారు. అచ్చటి చదువరి ఒక ముసలివాడు. సంగీతము ఎరుగడు, సాహిత్యము మీద ఆసక్తియు లేదు. రోజునకు పెండ్లి శుభలేఖ మొదలు వేదాంతగ్రంథము వరకు అన్నింటిని ఒకే గొంతుతో, ఒకే వేగముతో, కామాలు ఫుల్‌స్టాపులు సైతము పేర్లతో పలుకుచు చదివెడివాడు. నేనెంతో మురిసికొని వ్రాసిన ఒక దీర్ఘవాక్యము ఆయన వంతునకు వచ్చినది. సగము వరకు వచ్చెను, గుక్క తిరుగలేదు. మరల మొదటినుండి ఎత్తుకొనెను, అదే చోట ఆగెను. కండ్లద్దములు నుదుటి మీదికి నెట్టుకొని నా వైపు చూచి, "అయ్యగారూ, ఇక్కడ ఊపిరాడ్డం లేదండీ" అనెను.

నేను ప్రూఫు కాగితము పుచ్చుకొని ఆ వాక్యమును మనస్సులో చదివి చూచితిని; నా కంటికి దోషమేమియు కనబడలేదు. బిగ్గరగా చదివితిని. ఆయన ఆగిన చోటనే నేనును ఆగితిని. పెన్సిలు తీసికొని రెండు విశేషణములు కొట్టివేసి, వాక్యమును అచ్చట విరిచి, మరల ఆయన చేతికిచ్చితిని. ఆయన కండ్లద్దములు దించుకొని, ఎచ్చటను ఆగక, "ఫుల్‌స్టాపు" అని తుదివరకు చదివి, పుట త్రిప్పి తరువాతి పేరా ఎత్తుకొనెను.